అంగట్లో జ్ఞాపకశక్తి

పిల్లలకు జ్ఞాపకశక్తి చాలడం లేదంటే మన అమ్మమ్మలు సరస్వతీ లేహ్యం నాకించేవారు. తెల్లవారుజామునే లేపి ఎక్కాలు వల్లె వేయించేవారు. ఆ లేహ్యం వల్ల ఎందరికి ఎన్ని ఎక్కాలు వచ్చాయో చెప్పలేను గాని, కంప్యూటరుకు మాత్రం జ్ఞాపకశక్తి అంగట్లోనే దొరుకుతుంది. కావలసినంత కొని తెచ్చి, గాడిలో నిలబెట్టి, పైనుంచి ఒక్క నొక్కు నొక్కితే సరి. దీనినే ర్యామ్ అంటున్నారు.

వ్యవహారం నిజంగా ఇంత సులువే అయితే ఈ వ్యాసంతో పని లేదు. ఏ గాడిలో ఏ పట్టీ దిగుతుందో, దిగినది పని చేస్తుందో చేయదో తెలియక డబ్బు పోగొట్టుకునే సంసారులు చాలామంది ఉన్నారు. ఇంకా విచారించవలసింది ఏమంటే, ఆరు వందలతో తీరే బాధకు నలభై వేలు పెట్టి కొత్త యంత్రం కొనేవారు కూడా ఉన్నారు.

నేను ఇంజనీరును కాను. బడిలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. కాని మా సీతాఫల్‌మండి వీధిలో ఎవరి కంప్యూటరు మొరాయించినా ముందు మా గుమ్మం తడుతారు. డాక్టరు దగ్గరకు పోయేముందు ఇంటి పక్క పెద్దావిడను అడగడం లాంటిదే అది. అలా చూడగా, తెలుసుకోగా వచ్చిన నాలుగు ముక్కలు మీతో చెప్పుకుంటాను.

వంటగట్టూ, కొట్టుగదీ

ఇల్లాళ్లకు ఈ సంగతి ఒక్క నిమిషంలో బోధపడుతుంది. బియ్యం, పప్పు, చింతపండు కొట్టుగదిలో ఉంటాయి. వంట చేసే వేళకు కావలసినవి మాత్రం తెచ్చి వంటగట్టు మీద పెట్టుకుంటాం. కంప్యూటరులో హార్డ్ డిస్కు కొట్టుగది, ర్యామ్ వంటగట్టు. గట్టు చిన్నదైతే ఏమవుతుంది? కూర తరగడానికి పప్పు గిన్నె తీసి లోపల పెట్టాలి. పప్పు పోపుకు మళ్లీ కూర తీసి లోపల పెట్టాలి. వంటకంటె నడక ఎక్కువ. ర్యామ్ చాలని కంప్యూటరు చేసే పని సరిగ్గా ఇదే. డిస్కుకూ గట్టుకూ మధ్య పరుగులు తీస్తూ మనల్ని కూర్చోబెడుతుంది.

ఈ గట్టుకు ఇంకో గుణం ఉంది. కరెంటు పోతే దాని మీద ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. కారణం దాని పుట్టుకలోనే ఉంది. ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ అనే ఆయన, ఒక ట్రాన్సిస్టరు, ఒక బుల్లి కెపాసిటరు కలిపి ఒక ‘బిట్’ను దాచే ఉపాయం కనిపెట్టి, 1968లో పేటెంటు పొందారు. ఆ కెపాసిటరు చిల్లికుండ వంటిది. పోసిన విద్యుత్తు కారిపోతూనే ఉంటుంది. అందుకని సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్ల లోపల ఒక్కొక్క కుండనూ మళ్లీ నింపుతూ ఉండాలి. నింపే చెయ్యి ఆగిందా, అంతా ఖాళీ!

1970లో ఇంటెల్ కంపెనీ అమ్మిన 1103 అనే చిప్పులో బిట్లు 1,024 ఉండేవి. ఈనాడు మనం సంచిలో వేసుకువచ్చే 8 జీబీ పట్టీలో సుమారు 6,871 కోట్లు ఉంటాయి. అన్ని కోట్ల చిల్లికుండలను సెకనుకు పదిహేనుసార్లకు పైగా నింపుతున్న యంత్రం మన బల్ల మీద చప్పుడు లేకుండా కూర్చుని ఉంది. మనం దాన్ని ‘స్లో’ అని విసుక్కుంటున్నాం!

రోగం ఏదో ముందు తెలియాలి

నడుము నొప్పికి కళ్లజోడు కొన్నట్లు కాకూడదు. కంప్యూటరు మందగించడానికి ర్యామ్ ఒక్కటే కారణం కాదు. విండోస్ ఉన్న యంత్రంలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ అనే పట్టిక వస్తుంది. మీరు రోజూ చేసుకునే పనులన్నీ తెరిచి పెట్టి, అప్పుడు అందులో మెమరీ అనే చోట చూడండి. నూటికి తొంభై దాటి నిండిపోయి ఉంటే గట్టు చాలడం లేదన్నమాట. సగమే నిండి, అయినా యంత్రం నత్తనడక నడుస్తుంటే రోగం మరెక్కడో ఉంది. చాలా పాత యంత్రాల్లో లోపల తిరిగే పాత తరహా డిస్కు ఉంటుంది; దాని బదులు ఎస్.ఎస్.డి. పెట్టిస్తే కలిగే సుఖం ర్యామ్ పెంచినా కలగదు.

అదే పట్టికలో గాడులు ఎన్ని ఉన్నాయో, ఎన్ని నిండాయో, ఉన్న పట్టీ వేగం ఎంతో కూడా కనబడుతుంది. ‘రెంటిలో ఒకటి’ అని ఉంటే ఒక గాడి ఖాళీగా ఉన్నట్లు. సి.పి.యు.-జెడ్ అనే ఉచితమైన చిన్న ప్రోగ్రాము ఉంది; అది పట్టీ తరం, తయారీదారు, బోర్డు పేరు కూడా చెబుతుంది. బోర్డు పేరు తెలిస్తే చాలు, ఆ కంపెనీ వారి పుస్తకంలో ఎంతవరకు ర్యామ్ పట్టగలదో రాసి ఉంటుంది. ఆ గీత దాటి కొన్నది వృథా.

ఇంకొక మెలిక. విండోస్‌లో 32 బిట్లదని, 64 బిట్లదని రెండు రకాలు ఉన్నాయి. 32 బిట్లతో రాయగల చిరునామాలు 4,29,49,67,296 మాత్రమే. అంటే 4 జీబీ. సామాన్యంగా మనం వాడే 32 బిట్ల విండోస్ అంతకు మించి వాడుకోలేదు. మా బంధువు ఒకాయన 8 జీబీ పెట్టించుకుని, ‘మూడున్నరే చూపిస్తోంది, మిగతాది అంగడివాడు మింగేశాడు’ అని ఊరంతా చెప్పాడు. పాపం, అంగడివాడు ఇవ్వవలసిందే ఇచ్చాడు. వీధి పొడుగు పెరిగింది గాని, తపాలా బంట్రోతు దగ్గర అన్ని ఇళ్ల నంబర్లు లేవు!

తరాలు, గాట్లు, వోల్టులు

పెళ్లి సంబంధానికి గోత్రం అడిగినట్లు ఇక్కడ ముందు అడగవలసింది తరం. డీడీఆర్ 3 అనే తరం ప్రమాణాలు 2007లోను, డీడీఆర్ 4వి 2012లోను, డీడీఆర్ 5వి 2020లోను వచ్చాయి. ఒక తరం పట్టీ మరొక తరం గాడిలో దిగదు. పట్టీ అడుగున బంగారు పూత పళ్ల మధ్య ఒక గాటు ఉంటుంది. తరం తరానికీ ఆ గాటు చోటు మారుతుంది. బల్లల పట్టీల్లో డీడీఆర్ 3కి 240 పళ్లు. డీడీఆర్ 4కూ, 5కూ 288 పళ్లే అయినా గాటు వేరు. దిగకపోతే నొక్కకండి. విరిగేది పట్టీ అయినా కావచ్చు, బోర్డు అయినా కావచ్చు.

డీడీఆర్ 3కి 1.5 వోల్టులు, డీడీఆర్ 4కు 1.2, డీడీఆర్ 5కు 1.1 కావాలి. మధ్యలో డీడీఆర్ 3 ఎల్ అని ఒకటుంది, 1.35 వోల్టులతో పనిచేస్తుంది. ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసరు ఉన్న ల్యాప్‌టాపులకు ఈ ‘ఎల్’ ఉన్నదే కావాలి. మామూలు డీడీఆర్ 3 అందులో చక్కగా దిగుతుంది. కాని తెర వెలగకపోవచ్చు.

బల్ల మీద కంప్యూటరు పట్టీ సుమారు 13 సెంటీమీటర్ల పొడుగు ఉంటుంది. ల్యాప్‌టాపు పట్టీ అందులో సగం. ల్యాప్‌టాపు విషయంలో మరో జాగ్రత్త అవసరం. పలచని ల్యాప్‌టాపులు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికి వేస్తున్నారు. ఎల్.పి.డీడీఆర్ అని రాసి ఉంటే, దాదాపు అది అతికినదే అనుకోవాలి. అందులో తరవాత పెంచడం జరగని పని. అలాంటిది కొనేనాడే నాలుగేళ్ల అవసరం ఆలోచించి కొనాలి.

ఇక వేగం. పట్టీ మీద పీసీ 3-12800 అని ఉంటుంది. చూసి బెదరనక్కరలేదు, ఇది చిన్న గుణకారం. సెకనుకు 1,600 మిలియన్ సార్లు, సారికి 8 బైట్ల చొప్పున: 1600 × 8 = 12800. అలాగే డీడీఆర్ 4లో 3200 వేగమంటే 25600. రెండు వేగాల పట్టీలు పక్కపక్కన పెడితే రెండూ తక్కువ వేగంతోనే నడుస్తాయి. బండికి కట్టిన రెండెడ్లలో ముసలిది ఎంత నడిస్తే కోడె అంతే నడుస్తుంది. వీలైతే ఉన్నదానికి జోడు దొరికేటట్లు, అదే పరిమాణం, అదే వేగం గలది కొనడం మంచిది. జోడు కుదిరితే రెండు దారుల్లో ఒకేసారి పని జరిగి యంత్రం ఇంకాస్త చురుకవుతుంది.

గొలుసు దక్కిన కథ

మా వీధిలో ఒక అమ్మాయి డి.టి.పి. పని చేసుకుంటుంది. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, అడపాదడపా కవుల పుస్తకాలు. భర్తకు ఒంట్లో బాగుండక పని మానేసి ఏడాది అయింది. ఇద్దరు పిల్లలు. ఇల్లంతా ఆ ఒక్క కంప్యూటరు మీద నడుస్తోంది. 2024 మాఘమాసం ముహూర్తాలకు కార్డులు వచ్చి పడే వేళకు అది మొండికేసింది. బొమ్మ తెరిస్తే అక్షరాలు రావు. అక్షరాలు కొడితే బొమ్మ కదలదు. రాత్రి రెండింటిదాకా మేలుకున్నా రోజుకు నాలుగు కార్డులు తేలడం లేదు.

బాగుచేసే అతను వచ్చి చూసి, ‘ఇది అయిపోయిందమ్మా, కొత్తది తీసుకోవలసిందే’ అన్నాడట. నలభై వేలు పైమాట. ఆ అమ్మాయి మెడలో గొలుసు కుదువ పెట్టడానికి బయల్దేరుతూ మా ఆవిడకు చెప్పింది. ‘అక్కడికి పోయేముందు ఒకసారి మాస్టారికి చూపించవే తల్లీ’ అని మా ఆవిడ ఆపింది.

చూశాను. ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసరు. 64 బిట్ల విండోస్ 10. ర్యామ్ 4 జీబీ. ఆమె పనులన్నీ తెరిస్తే 93 శాతం నిండి ఉంది. గాడులు రెండు, ఒకటి ఖాళీ. బోర్డు పుస్తకం చూస్తే 16 జీబీ వరకు పడుతుందని ఉంది. డిస్కు అంతకు ముందే ఎస్.ఎస్.డి.గా మార్చుకుని ఉంది. ఇంకేం కావాలి? పాత పట్టీ మీద రాత యథాతథంగా కాగితం మీద ఎక్కించుకున్నాను: 4 జీబీ, పీసీ 3-12800, చివర ‘యు’.

నగరంలో ఒక అంగడికి ఇద్దరం వెళ్లాం. డీడీఆర్ 3 కొత్త సరుకు అరుదైపోయింది. వాడిన సరుకే గతి. అతను లోపలినుంచి ఒక పట్టీ తెచ్చాడు. 8 జీబీ, ధర కూడా చవక. ఆ అమ్మాయి మొహం విప్పారింది. నేను కళ్లజోడు సవరించుకుని చీటీ చదివాను. చివర ‘యు’ లేదు, ‘ఆర్’ ఉంది.

‘ఇది సర్వరుది గదా బాబూ?’ అన్నాను.

‘ర్యామ్ ర్యామే గద సార్! స్లాట్ల కూసుంటది, ఇంకేం గావాలె?’ అన్నాడు.

కూర్చుంటుంది, నిజమే. చిక్కంతా అక్కడే! డీడీఆర్ 3, డీడీఆర్ 4 తరాల్లో సర్వరు పట్టీకీ, ఇంటి పట్టీకీ పళ్లూ గాటూ ఒక్కటే. గాడిలో హాయిగా దిగుతుంది. కాని సర్వరు పట్టీలో ‘రిజిస్టరు’ అనే మధ్యవర్తి చిప్పు ఉంటుంది. ఆ మధ్యవర్తి భాష మన ఇంటి బోర్డుకు రాదు. మీట నొక్కితే కూత పెట్టి ఊరుకుంటుంది. పెద్ద పెద్ద కంపెనీలు తీసిపారేసిన సర్వర్లనుంచి ఇవి బస్తాలకొద్దీ వస్తాయి. అందుకే అంత చవక.

అలాంటిదే మరొకటి ఉంది: ‘ఏ.ఎం.డి. బోర్డులకు మాత్రమే’ అని చిన్న అక్షరాలతో అమ్మే డీడీఆర్ 3 పట్టీలు. వాటి చిప్పుల కూర్పు వేరు. ఇంటెల్ బోర్డు పెట్టుకుంటే ఒప్పుకోదు.

‘చివర యు ఉన్నది కావాలి, బిల్లు కావాలి, ఏడు రోజుల్లో మార్చి ఇస్తానని బిల్లు మీద రాసి ఇవ్వాలి’ అన్నాను. అతను నవ్వి, ‘మీరు చదువుకున్నోళ్లు సార్’ అని, వెతికి 4 జీబీ పట్టీ, సరైనది, ఆరు వందలకు ఇచ్చాడు. రాసి కూడా ఇచ్చాడు.

ఇంటికి తెచ్చి పెట్టాం. తెర వెలిగింది, 8 జీబీ చూపించింది. ఆ అమ్మాయి అప్పుడే పనిలో కూర్చోబోయింది. నేను ఒద్దన్నాను. మెమ్‌టెస్ట్ 86 ప్లస్ అనే ఉచిత పరీక్షను పెన్‌డ్రైవులో పెట్టి ఆ రాత్రంతా నడిపించాం. తెల్లవారేసరికి ఎర్ర గీతలు ఏడు కనబడ్డాయి. ఒక్క గీత కనబడినా ఆ పట్టీ పనికిరాదు. అలాంటి పట్టీతో యంత్రం నడిచినట్లే నడుస్తుంది. ఒకనాడు శుభలేఖలో వరుడి పేరు బదులు పిచ్చి అక్షరాలు వస్తాయి, లేదా నెల రోజుల కష్టం తెరుచుకోకుండా పోతుంది. బిల్లు పట్టుకుని వెళ్లాం. రాసి ఇచ్చాడు కనుక మారు మాట లేకుండా మార్చాడు. రెండో పట్టీకి రాత్రంతా పరీక్షలో ఒక్క గీత లేదు.

ఆ మాఘంలో కార్డులన్నీ వేళకు అందాయి. గొలుసు మెడలోనే ఉంది.

ఎప్పుడు కొనాలి, ఎప్పుడు కొనకూడదు

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఈ సరుకుకు బాగా అతుకుతుంది. ప్రపంచంలో ఈ చిప్పుల్లో ఎక్కువ భాగం చేసేవి మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్.కె. హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధకోసం కడుతున్న మహా కంప్యూటరు కేంద్రాలు వీరి సరుకును ఎగబడి కొంటున్నాయి. దానితో 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఆకాశానికి ఎక్కాయి. ఆ డిసెంబరులోనే మైక్రాన్ తన ‘క్రూషియల్’ పేరుతో ఇళ్లకు అమ్మే వ్యాపారం మానుకుంటున్నట్లు ప్రకటించింది. అందువల్ల నేను చెప్పిన ఆరు వందలు ఆనాటి మాట. ఈనాడు అంగడి ధర విచారించుకోవాలి. ధర పెరిగినప్పుడే నకిలీ చీటీలూ, పనికిరాని సరుకూ కూడా పెరుగుతాయి. పరీక్ష ఇంకా గట్టిగా చేయాలి.

పాత యంత్రం మీద డబ్బు పెట్టేముందు మరొక సంగతి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారు 2025 అక్టోబరు 14తో సామాన్య సంరక్షణ ఆపివేశారు. విండోస్ 11 కొన్ని మినహాయింపులు తప్ప ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందున్న ప్రాసెసర్లను ఒప్పుకోదు. అలాంటి యంత్రానికి ర్యామ్ పోస్తే నడక మారుతుంది గాని వయసు మారదు. లినక్స్ వేసుకునే ఓపిక ఉంటే వేసుకోవచ్చు. మా వీధి అమ్మాయి ఇప్పుడు ఆ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు తగిలించకుండా అచ్చు పనికే ఉంచుకుంది. బ్యాంకు వ్యవహారాలు దాని మీద చేయదు.

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరు, మద్రాసులో రిచీ స్ట్రీట్, బెంగుళూరులో ఎస్.పి. రోడ్డు: ఎక్కడికి పోయినా సంచికంటె ముందు జేబులో ఒక చీటీ ఉండాలి. దాని మీద ఇవి రాసుకోండి. తరం ఏది? బల్లదా, ల్యాప్‌టాపుదా? వోల్టులు ఎన్ని? వేగం ఎంత? చివర అక్షరం ఏది? బల్లదైతే ‘యు’, ల్యాప్‌టాపుదైతే ‘ఎస్’ రావాలి. ఖాళీ గాడులెన్ని? బోర్డు ఎంతవరకు పడుతుంది? వీలైతే పాత పట్టీనే వెంట తీసుకువెళ్లండి. చీటీకంటె అదే నయం.

పెట్టేటప్పుడు తీగ గోడనుంచి పీకేయండి. ల్యాప్‌టాపైతే బ్యాటరీ విడదీయాలి. ఒకసారి ఏదైనా ఇనుప వస్తువును తాకి ఒంట్లోని విద్యుత్తు వదిలించుకోండి. పట్టీని అంచులతో పట్టుకోవాలి. బంగారు పళ్లను తాకకూడదు. గాటు చూసి నిలబెట్టి, రెండు చివర్లా సమంగా నొక్కితే టక్కున పక్క చెవులు మూసుకుంటాయి. ల్యాప్‌టాపులో అయితే ఏటవాలుగా దూర్చి, తరవాత పడుకోబెట్టాలి. తెర వెలగకపోతే కంగారు పడకండి; తీసి మళ్లీ పెట్టండి. తొలిసారి సగమే దిగడం కద్దు.

చివరగా, బిల్లు అడగడానికి మొహమాటపడకండి. మనం చీర కొన్నా రంగు పోతుందా అని పదిసార్లు అడుగుతాం. ఇదీ మన చెమటోడ్చిన డబ్బే. ఒక్క రాత్రి పరీక్ష ముగిసేదాకా బిల్లు జాగ్రత్తగా పెట్టుకోండి. ముగిశాక కూడా పారేయకండి.